చెల్లెలి పల్లెలనుంచి బండ్లు రాలేదు

డెబ్బైల చివర్లో నేను మా జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో, క్యాజువాలిటీలో నర్సుగా ఉన్నాను. నాకంటే రెండేండ్లు చిన్నదైన మా చెల్లెలు గోరంట్ల పక్క పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే నర్సమ్మ. ధర్మవరంలో మగ్గం నేసే మా నాయన ఎవరడిగినా ముందు నా సంగతే చెప్పేవాడు. "పెద్దది పానాలు నిలబెడతాది" అనేవాడు. చెల్లెలి గురించి అడిగితే, "అదీ ఏదో సూదులేస్తాది" అని వదిలేసేవాడు. ఆ తేడా నాకు ఇష్టంగా ఉండేది.

ఎండాకాలం బావులు అడుగంటితే జనం బురదనీళ్ళే తోడుకుని తాగేవాళ్ళు. వాంతులతో, బేదులతో బండ్ల మీద బండ్లు వచ్చేవి. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచి, కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు కట్టేవాళ్ళం. పాము కరిచినవాళ్ళను కూడా ఆ గుంపులోంచే దారి చేసుకుని లోపలికి తీసుకురావాల.

ఒక మధ్యాహ్నం మా డాక్టరు రిజిస్టరు తిరగేస్తా, "ఏమమ్మా, మీ చెల్లెలుండే ఊర్లనుంచి ఈసారి ఒక్క కేసూ రాలేదే. ఏం చేస్తాంది ఆమె?" అన్నాడు.

"దారిలోనే పానాలు పోతాన్నాయేమో సార్" అన్నాను.

అన్నాక నాకే నోరు చేదైంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

సెలవురోజు బస్సెక్కి ఆమె దగ్గరికి పోయినాను. తప్పు పట్టాలనే పోయినాను. ఒక ఇంటి ముందర బండమీద కూర్చుని, చెల్లెలు ఒక పసిబిడ్డ తల్లి చేత నీళ్ళు కలిపిస్తాంది. కాచి చల్లార్చిన చెంబెడు నీళ్ళలో పిడికెడు బెల్లం, మూడువేళ్ళకు వచ్చినంత ఉప్పు.

"ముందు నువ్వు తాగి చూడు. కన్నీళ్ళకంటే ఉప్పగుంటే పారబోయల్ల" అంది. "బేది అయినప్పుడల్లా బిడ్డకు కొంచెం కొంచెం తాపు. కండ్లు గుంతలు పడినా, ఉచ్చ రాకపోయినా, తాగింది నిలవకపోయినా మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. అక్క ఉండే ఆసుపత్రికి తీసకపో."

వీధిలో నడుస్తాంటే అరుగు మీది ముసలాయనను ఆయాసం మాత్రలు ఎన్ని మిగిలినాయో అడిగింది. ఆడవాళ్ళు ఇంట్లోకి పిలిచి మజ్జిగ ముందు ఆమెకిచ్చి, తరువాత నాకిచ్చినారు. నేను సూదేసి బతికించినవాళ్ళలో ఒక్కరికైనా నా మొహం గుర్తుంటుందా అనుకున్నాను.

డాక్టరుకు చూసింది చూసినట్టే చెప్పినాను. "ఆమెను ఒకరోజు ఈడికి రమ్మను. ఇంటికి పోయే రోగులకు ఎట్ల చెప్పల్లో మీకందరికీ చూపించమను" అన్నాడాయన. సరేనన్నాను గానీ జాబు రాయలేదు. మళ్ళీ అడిగితే, "తీరిక లేదంట సార్" అని అబద్ధం చెప్పినాను.

నెల తిరక్కముందే ఒక కూలితల్లి మేము ముందొకసారి నయం చేసి పంపిన బిడ్డనే రెండోసారి తెచ్చింది. నరం దొరక్క పాదంలో సూది పెట్టినాను. బిడ్డ కండ్లు తెరిచినాక, "ఇంత ముదిరేదాకా ఏం చేస్తాంటివి?" అని కసిరినాను.

"నీళ్ళు ఆపేస్తిని తల్లీ, తాపితే ఇంకా పోతాదని. పోయినసారి ఇంటికి పంపేటప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు గదా."

పోయినసారి పంపింది నేనే.

ఆ సాయంత్రమే జాబు రాసినాను. వారంలో చెల్లెలు వచ్చింది. డాక్టరు మమ్మల్నందరినీ వరండా చాపల మీద కూర్చోబెట్టినాడు. ఆ రోజునుంచి తల్లి తన చేత్తో నీళ్ళు కలిపి చూపిస్తేగానీ బిడ్డను ఇంటికి పంపలేదు. మరుసటేడు ఎండల్లో కిటికీలకు సీసాలు కట్టాల్సిన పని పెద్దగా రాలేదు.

చెల్లెలు వచ్చిన రోజే, ఆమెను సాగనంపడానికి బస్టాండుకు పోయినప్పుడు చెప్పినాను. "డాక్టరు నిన్ను పిలిచి నెలైంది. నేనే చెప్పలేదు."

ఆమె చేతిసంచి కింద పెట్టింది. తరువాత అడిగింది. "ఈ నెలలో ఎంతమంది బిడ్డలొచ్చినారక్కా?"

బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ తరువాత నేనూ చానామంది తల్లుల చేత నీళ్ళు కలిపించినాను. బాగా చెప్తావమ్మా అని మెచ్చుకునేవాళ్ళు. ఇది మా చెల్లెలు నేర్పిందని ఒక్కోసారి చెప్పేదాన్ని. ఒక్కోసారి చెప్పేదాన్ని కాదు.