కూలరు అందుకున్న పాట

ప్రొద్దుటూరు పిల్లలు నలుగురు కలిసి చేసిన తొలి ఆల్బంలో నా గొంతు ఉంది. నా వెనక పాడవలసినవాళ్ళ గొంతు లేదు. వాళ్ళ చోట కూలరు మోత పెట్టారు. ఇది తప్పు. తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది తర్వాతి సంగతి.

ఆ నలుగురిలో ఒకడు మా చెల్లెలి మనవడు. పులివెందులలో ఫోన్లు బాగుచేసే అంగట్లో పని చేస్తాడు. సెలవు దొరికితే ప్రొద్దుటూరులో స్నేహితుడి మేడ మీద గదికి చేరతాడు. గిటారు, పాత టేప్ రికార్డరు, ఒక ఫోను, అంతే వాళ్ళ సరంజామా. శబ్దాన్ని కడిగి తుడిచి అందంగా చెయ్యరు, పడింది పడినట్టే ఉంచుతారు. దాన్ని లో-ఫై అంటారని వాడే చెప్పాడు. గరగర నాకు కొత్త కాదు. మా చర్చి మైకు ఏనాడూ గరగర లేకుండా పలకలేదు.

వాడూ స్నేహితులూ పాట కోసం జమ్మలమడుగు అవతల ఉన్న మా ఊరికి వచ్చినప్పుడు ఎండ మండిపోతోంది.

"ఆదివారం రాండప్పా, చర్చికాడ అందరూ ఉంటారు," అన్నాను.

"అందరూ యాటికి తాతా? మాకు నీ గొంతే కావల్ల."

"నా గొంతులో ఏముందిరా, సగం గాలే."

"ఆ గాలి కోసమే వచ్చినాం."

మా చర్చిలో పాట ఒక్కడు పాడేది కాదు. మా పెద్దలు క్రైస్తవంలోకి వచ్చిన కాలంలో కూలినాలి చేసుకునేవాళ్ళకు అక్షరం తెలియదు. పుస్తకం చదవగలిగినవాడు ఒక పాదం పాడి ఆగితే, జనమంతా ఆ పాదాన్నే అందుకుని తిరిగి పాడేవాళ్ళు. అట్లా పుస్తకం ముట్టకుండానే పాటలన్నీ వాళ్ళ నోట నిలిచాయి. నన్ను మూడో తరగతి దాటనివ్వలేదు, చేలో పని ఉందన్నారు. ఆ పాటల పుస్తకం మీదే అక్షరాలు కూడబలుక్కుని, పాదం అందించే పనికి ఎక్కాను. ఇప్పుడు గోడ మీద తెర వచ్చింది, మాటలు దాని మీద పడతాయి. తెర వెలిగించేలోపు ఒక్క పాట మాకు వదిలేస్తారు. దాన్ని అందుకునేవాళ్ళు ముందు చాప మీద కూర్చునే ముసలివాళ్ళు కొందరే. వాళ్ళ గొంతు ఇంతవరకు ఎవరూ పట్టి ఉంచలేదు. నేను ఒప్పుకున్నది అందుకే.

ఆ రోజే మా ఇంట్లో వాళ్ళ ముందు కూర్చుని పాదం పాడాను, ఆగాను. జనం పాడేంత సేపూ ఆగి, రెండో పాదం ఎత్తాను. నాకు వేరే విధంగా పాడటం రాదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆగినచోట పాడేవాళ్ళ కోసం తర్వాత వస్తారులే అనుకున్నాను. మా కుటుంబంలో పుట్టినవాడికి ఇది వేరే చెప్పాలా?

ఆల్బం విడుదలకు ప్రొద్దుటూరు రమ్మన్నారు. మా మరదలిని వెంటబెట్టుకుని పోయాను. నా భార్య చెల్లెలు, చర్చిలో చాప మీద కూర్చుని పాట అందుకునేవాళ్ళలో ఒకతె. ఆమెకు అక్షరం రాదు, రాని పాట లేదు. మేడ మీద గదిలో అందరం కింద కూర్చున్నాం. ఆల్బం స్పీకరులో పెట్టారు. జమ్మలమడుగు బస్టాండులో కండక్టర్ల కేకలు, పులివెందుల అరటికాయల మండీలో బేరాలు, మధ్య మధ్య గిటారు. బాగానే ఉంది. కాదనను.

తర్వాత నా పాట వచ్చింది. మొదటి పాదం అయింది. మరదలు అలవాటు కొద్దీ నిండు గొంతుతో అందుకుంది. గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. ముందున్న అమ్మాయి పెదవుల మీద వేలు పెట్టి, "ష్, అవ్వా, రికార్డు నడుస్తాంది," అంది. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్పీకరులో కూలరు గుయ్యిమంది. రెండో పాదం తర్వాత మళ్ళీ కూలరు. ఆఖరి దాకా అంతే.

తిరుగు బస్సెక్కాం. ఊరు దగ్గరపడ్డాక మరదలు అంది:

"నువ్వు పాడి ఆపితివి, కూలరు అందుకొనె. నాకంటే అదే శ్రుతిలో ఉండాది బావా."

"ఎగతాళి చేస్తాండావా?"

"ఎగతాళి ఏముంది. దానికి నీళ్ళు పోస్తే చాలు. నాకైతే కాఫీ పోయల్ల."

ఆదివారం నేను పాదం అందించి ఆగాను. చాప మీది మిగతావాళ్ళు అందుకున్నారు. ఆమె నోరు తెరవలేదు. ఆ తర్వాతి ఆదివారమూ తెరవలేదు. అడిగితే గొంతు బాగాలేదంది.

మనవడికి ఫోనులో రాశాను. కోపం దాచుకోలేదు. చదువు లేనివాళ్ళకు మా పెద్దలు పాటలో ఇచ్చిన చోటు అది, అందులో మీరు యంత్రాన్ని కూర్చోబెట్టారు అని రాశాను. మీ గదిలో ఆమె నోరు మూయించారు, ఇప్పుడు చర్చిలోనూ మూసుకుంది, దీనికి ఏం చెబుతారని అడిగాను. వాడు చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఎండలు తగ్గి, వానలు మొదలయ్యాక వచ్చింది:

"తాతా, ఏం రాయాల్నో తెలీక ఇన్ని దినాలు ఊరికున్నా. నువ్వు ఆగినప్పుడల్లా పాట మరిచిపోయినావనుకున్యాం. అది బయటపడితే నీకు నామర్దా అని కూలరు శబ్దం పెట్టి కప్పినాం. బయటికి వదిలిన ఆల్బం మార్చేదానికి మావాళ్ళు ఒప్పుకోల్యా. ఆదివారం నేనొక్కన్నే టేప్ రికార్డరు తీసుకొని చర్చికి వస్తా. ఆ అవ్వ పాడుతుందో లేదో నువ్వే అడిగి చెప్పు. నాకు అడిగే మొగం లేదు."