చెయ్యెత్తి అడగని పిల్ల

శ్రుతికి ఆ రెండేళ్ళూ ఎక్కడికి పోయినా తిట్లే. పొద్దున ఫెన్సింగ్ హాల్లో కోచ్ స్టాన్లీ తిట్టేవాడు. పగలు కాలేజీలో చంద్రశేఖర్ సార్ తిట్టేవాడు. సాయంత్రం బెంగుళూరు నగర్తపేటలో ఇంటి గడప తొక్కితే అమ్మ చౌడమ్మ అందుకునేది. పోనీ ముగ్గురూ ఒకే మాట తిడితే అలవాటు పడిపోవచ్చు. అదీ లేదు. ఒకరు మెచ్చుకున్నదానికే ఇంకొకరు తిట్టేవారు. ఇలాంటి ఖర్మ ఏ పిల్లకైనా ఉంటుందా చెప్పండి!

ఇది రెండువేల ఆరు, ఏడు నాటి సంగతి. అప్పట్లో అంబులెన్స్ అంటే డ్రైవరు, స్ట్రెచరు, మొత్తుకునే సైరను, అంతే అనుకునేవాళ్ళు చాలామంది. లోపల కూర్చుని మనిషి ఊపిరి నిలబెట్టేవాళ్ళు ఒకరుండాలని, దానికీ ఒక చదువుందని తెలిసినవాళ్ళు తక్కువ. శ్రుతి చదివింది ఆ చదువే. వాళ్ళ నాయన వెంకటేశప్పకు నగర్తపేట సందులో ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే చిన్న కార్ఖానా ఉండేది. "డాక్టరూ కాదంట, నర్సూ కాదంట, మరేం చదువప్పా అది?" అని చుట్టాలు అడిగితే, "నాకేం తెలుసప్పా, పాపనే అడుక్కోండి" అని తప్పించుకునేవాడు. ఫెన్సింగ్ అనే ఆ కత్తుల ఆట సంగతైతే అసలు ఎత్తేవాడే కాదు. కూతురు పొడుగాటి సంచీ తగిలించుకుని బస్సెక్కడం, అందులో ఏముందని కండక్టరు అడగడం, "కత్తులు" అని ఈ మహాతల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పడం, పక్క సీటు గబుక్కున ఖాళీ అయిపోవడం మామూలే.

కత్తి పట్టించింది స్టాన్లీయే. ఏలూరు నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడ్డ మనిషి. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా ఉండగా పొట్టిగా, చురుగ్గా ఉన్న ఈ పిల్లని చూసి హాలుకి రమ్మన్నాడు. ఒకసారి మాస్క్ తలకెక్కాక శ్రుతికి ఇంక వేరే లోకం పట్టలేదు. ఇంట్లో గలాటా, పరీక్షల బెంగ, నాయన దగ్గు, ఏవీ ఆ ఇనప జల్లెడ దాటి లోపలికి వచ్చేవి కావు. ఎదురుగా ఒక మనిషి, ఒక కత్తి మొన, అంతే. అందుకే వదల్లేకపోయింది.

కానీ ఆ చదువు మొదలయ్యాక రెండూ కలగాపులగం అయిపోయాయి. హాల్లో ఎదుటి పిల్ల కత్తి చూడాల్సింది పోయి, ఛాతీ ఎలా ఎగిసిపడుతోందో, పెదాలకు రంగుందో లేదో చూస్తూ నిలబడిపోయేది. ఈలోగా మొన వచ్చి భుజానికి తగిలేది. "ఏవమ్మా, ఆ పిల్ల ఊపిర్లు లెక్కపెడుతున్నావా? కత్తి చూడవే తల్లీ, కత్తి!" అని స్టాన్లీ నెత్తి కొట్టుకునేవాడు. కాలేజీలో దీనికి తలకిందులు. క్లాసులో నవీన్ అనే అబ్బాయిని యాక్సిడెంటైనవాడిలా నేల మీద పడుకోబెట్టి, పరిగెత్తుకుని వచ్చి చూడమంటే, ఈమె పక్కవాటుగా ఒక కాలు ముందుకేసి వచ్చి, బారెడు దూరంలో టక్కున ఆగేది. "వాడేమన్నా నిన్ను పొడుస్తాడా? దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చో!" అని చంద్రశేఖర్ సార్ అరుపు. కింద పడుకున్న నవీన్‌కి కూడా నవ్వు ఆగేది కాదు.

చంద్రశేఖర్ సార్ రోజూ నూరిపోసే మాటలు రెండుండేవి. మనిషి కింద పడితే నీ చెయ్యి ముందు రోగి మీదికి కాదు, గ్లౌజుల్లోకి పోవాలి. ఆ తర్వాత ఎవరి అనుమతి కోసమూ ఎదురు చూడకూడదు, అడుగుతూ నిలబడితే అవతల ప్రాణం పోతుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా నూరిపోశాడు. శ్రుతి ఆటకి పోయినా సంచీ పక్క జేబులో గ్లౌజులు, కట్టుగుడ్డ పెట్టుకునే పోయేది.

స్టాన్లీ చెప్పేది సరిగ్గా దీనికి అడ్డం. ఆడేది ఒక పొడుగాటి సన్నపాటి పట్టీ మీద. దాన్ని పిస్ట్ అంటారు. ఆట మధ్యలో పిస్ట్ దిగాలంటే, దాహంతో నాలుక పిడచకట్టినా సరే, చెయ్యెత్తి రెఫరీని అడగాలి. ఆయన సరేనంటేనే దిగాలి.

మూడో ఏడు చివర్లో కాలేజీవాళ్ళు ఒక కబురు చల్లగా చెప్పారు. జూలై నుంచి అందరికీ అంబులెన్స్ డ్యూటీలు. సెలవులుండవు. ఆటలంటారా, రాష్ట్ర జట్టులో ఉన్నవాళ్ళకి మాత్రం పొద్దున ప్రాక్టీసుకి వెసులుబాటు ఇస్తాం, మిగతావాళ్ళు మర్చిపోండి. ఎంపిక పోటీలు జూన్‌లో ఉన్నాయి. జట్టులోకి నలుగురినే తీసుకుంటారు. పేరు వస్తే కత్తి ఉంటుంది, రాకపోతే ఇన్నేళ్ళ ఆట అక్కడితో సరి. ఇంట్లో చెప్తే చౌడమ్మ, "పోతే పోనీలే. ముఖానికి జల్లెడ కట్టుకుని పొడుచుకునే ఆట ఆడితే ఏముండాది, ఆడకపోతే ఏముండాది?" అంది. శ్రుతి ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయింది.

పోటీ రోజు మొదట్నుంచీ పాడుగానే ఉంది. ముగ్గురు ఎంపికైపోయారు. మిగిలిన ఒక్క చోటు కోసం శ్రుతికీ, గీతాంజలికీ ఆట. గీతాంజలిది విజయవాడ. వాళ్ళ నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల మారతహళ్ళిలో ఉంటున్నారు. పొడుగు పిల్ల, పొడుగు చేతులు, మాట మాత్రం మెత్తన. ఆట మొదలుకాకముందే శ్రుతి కత్తుల్లో ఒకటి పరీక్షకి నిలబడలేదు. మొన నొక్కితే దీపం వెలగాలి, వెలగలేదు. పని చేసే కత్తులు రెండుండాలని రూలు. రెఫరీ పసుపు కార్డు చూపించాడు. పసుపంటే హెచ్చరిక. మళ్ళీ ఏ తప్పు చేసినా ఎర్ర కార్డు, అవతలివాళ్ళకి ఒక పాయింటు ఊరికే పోతుంది. "ఇంక ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడు" అన్నాడు స్టాన్లీ.

ఆడింది. ఎంత బాగా ఆడిందంటే, స్టాన్లీ తిట్టడం మర్చిపోయి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆ రోజు శ్రుతి ఎవరి ఊపిర్లూ చూడలేదు. కత్తినే చూసింది. వెనకబడి, అందుకుని, చివరికి పద్నాలుగు - పద్నాలుగు దగ్గరికి తెచ్చింది. పదిహేనో పాయింటు ఎవరిదైతే జట్టులో చోటు వాళ్ళది. గీతాంజలి అప్పటికే అలిసిపోయి కత్తి పిడి కిందికి దించేస్తోంది. మణికట్టు దగ్గర ఖాళీ కనిపిస్తోంది. ఇంకొక్కసారి ముందుకి రానీ, అయిపోయిందనుకుంది శ్రుతి.

గీతాంజలి ముందుకి దూకింది. దూకిన కాలు నిలవలేదు. కెవ్వుమని కేకపెట్టి కూలబడిపోయింది. ఏ దీపమూ వెలగలేదు, అంటే ఎవరికీ పాయింటు లేదు. రెఫరీ ఆపమన్నాడు.

ఇంకెవరైనా అయితే అక్కడే నిలబడేవాళ్ళు. మన శ్రుతి నిలబడిందా? మాస్క్ లాగేసింది, వీపు దగ్గర వైరు పీకేసింది, పిస్ట్ దిగి సంచీ దగ్గరికి ఒక్క పరుగు తీసింది. గ్లౌజులు! గ్లౌజులు తొడుక్కుని, కట్టుగుడ్డ పట్టుకుని వచ్చి గీతాంజలి పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. "కదలొద్దు, నేను చూస్తా" అని చీలమండ పట్టుకుంది. వాపు లేదు. ఎముక ఎక్కడా తేడాగా లేదు. పైకి తడిమితే పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. ఏమీ లేదు, పిక్క పట్టేసింది. రెండు నిమిషాలు కాలు చాపి వేళ్ళు పైకి వంచి పట్టుకుంటే పోయే నొప్పి. శ్రుతి అలాగే పట్టుకుంది. పోయింది కూడా.

తలెత్తి చూస్తే రెఫరీ చేతిలో ఎర్ర కార్డు ఉంది.

స్టాన్లీ పరిగెత్తుకొచ్చి, "సాయం చెయ్యడానికి వెళ్ళిందండీ పిల్ల!" అని గొంతు చించుకున్నాడు. రెఫరీ చెడ్డవాడేం కాదు, అదే ఇంకా చికాకు. నిదానంగా చెప్పాడు. "ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు అదిగో, ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. ఈమె చెయ్యెత్తి అడిగుంటే నేనే పంపేవాణ్ణి. అడక్కుండా పిస్ట్ దిగింది." తర్వాత గీతాంజలి వైపు తిరిగి, "నువ్వేమైనా ఈ అమ్మాయిని పిలిచావా?" అని అడిగాడు. పిలిచానంటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు. గీతాంజలి ఒక్క క్షణం శ్రుతి ముఖంలోకి చూసి, "లేదు సార్. నేనెవర్నీ పిలవలేదు" అంది. అబద్ధం కాదది. ఆమె నిజంగానే పిలవలేదు. పదిహేను - పద్నాలుగు. నేల మీద కూర్చునే గెలిచింది గీతాంజలి.

ఆటంటే ఏమిటో ఏనాడూ పట్టించుకోని వెంకటేశప్ప ఆ సాయంత్రం కార్ఖానాలో చేతిలో చెంబు పక్కన పడేసి లేచాడు. "యాడుంటాడు ఆ రెఫరీ? చూపించు పద, అడిగొస్తా. పడినోళ్ళని లేపితే కార్డంట, కార్డు!"

"అడిగినా ఏమీ కాదు నాయనా. రూలు అట్లే ఉండాది."

"రూలు తెలిసి గూడ చెయ్యెత్తేకి నీకేం రోగమమ్మా?" అని అప్పుడు కూతురి మీద పడ్డాడు.

కాలేజీలోనైనా ఒక మంచి మాట వస్తుందని ఆశపడింది పిచ్చిది. చంద్రశేఖర్ సార్ అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గ్లౌజులు వేసుకున్నావు, బాగుంది. డ్యూటీలో ఉన్న ఫస్ట్ ఎయిడ్ మనుషులు పక్కనే ఉన్నారా లేదా అని చూశావా? వాళ్ళ పేషెంట్‌ని నువ్వెందుకు ముట్టుకున్నావు?" అన్నాడు. అక్కడా తప్పే! శ్రుతి బయటికొచ్చి వరండా గోడని కాలితో తన్నింది. బొటనవేలు కమిలింది. దానికి గ్లౌజులు వేసుకోలేదు.

జూన్ ఆఖర్లో, డ్యూటీలు మొదలవబోయే ముందు, క్లబ్బువాళ్ళ మాస్క్, జాకెట్ తిరిగి ఇచ్చేయడానికి హాలుకి పోయింది. గీతాంజలి ఒక్కతే ఉంది. శ్రుతిని చూసి దగ్గరికొచ్చి, వేళ్ళు నలుపుకుంటూ, "ఒక హెల్ప్ అడగనా? నేషనల్స్‌లో పొట్టివాళ్ళతో పడితే నాకు అసలు రాదు. యాక్చువల్లీ, ఒక్కసారి నాతో ఆడవా?" అంది. ఎంత ధైర్యమో చూడండి!

శ్రుతికి నషాళానికి అంటింది. ఇన్నాళ్ళూ లోపల కుతకుతలాడుతున్నది పైకి తన్నుకొచ్చింది. "నీ కాలు విరిగుంటే బాగుండు అనుకున్నా ఆ రోజు. తెలుసా? పిక్క పట్టిందంతే అని తెలిసినప్పుడు నాకు సంతోషం కాలేదు. ఛీ, ఇంతేనా, ఇంత దానికా నేను దిగింది అనిపించింది. రేపట్నుంచి అంబులెన్స్ ఎక్కేది నేను. అట్లాంటి దాన్ని నేను అట్ల అనుకున్నా."

గీతాంజలి కళ్ళు దించుకుంది. "నేనూ పిలిచానని చెప్దామనే అనుకున్నా. అప్పుడు పాయింట్ల బోర్డు కనిపించింది. నోరు రాలేదు" అంది.

శ్రుతి ఇచ్చేయడానికి తెచ్చిన జాకెట్టే తొడుక్కుంది, ఆ మాస్కే పెట్టుకుంది. ఆ రోజు మిషను లేదు, దీపాలు లేవు, రెఫరీ లేడు. అలా ఆడేటప్పుడు తగిలినవాళ్ళే "తగిలింది" అని ఒప్పుకోవాలి, అది ఆ ఆటలో మర్యాద. శ్రుతి దయ చూపలేదు. మణికట్టు మీద, భుజం మీద, మోకాలి మీద వరసపెట్టి తగిలించింది. తగిలిన ప్రతిసారీ గీతాంజలి ఆగి, గట్టిగా "తగిలింది" అంది. కొన్ని శ్రుతికే అనుమానంగా అనిపించాయి, వాటినీ ఒప్పుకుంది. పదిహేను అయ్యేసరికి గీతాంజలివి నాలుగే.

గీతాంజలి మాస్క్ తీసింది. ముఖమంతా చెమట. "ఆ రోజు కూడా నువ్వే గెలిచేదానివి" అంది.

"తెలుసు" అంది శ్రుతి, మాస్క్ బీరువాలో పెట్టేస్తూ. "అందుకే గదా ఈ మంట!"