పదిహేడో నంబరు హార్డ్ డిస్క్

దెయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునే రకం నేను. గాలి సోకడం, దిష్టి తగలడం, తాయెత్తు కట్టించుకోవడం, ఇవేవీ నా దగ్గర నడవవు. ఈ సంగతి ముందే చెప్పుకోకపోతే కింద రాసింది చదివాక నన్నూ ఆ బాపతులో కలిపేస్తారు. అందుకని చెబుతున్నాను.

నరసరావుపేటలో నాకో చిన్న షాపుంది. పాత కంప్యూటర్ల హార్డ్ డిస్కులు లాట్ల కింద తెస్తాను. పనిచేసేవి ఏరి, వాటిలో ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ అమ్ముతాను. ఎక్కువగా సీసీ కెమెరాలు బిగించేవాళ్ళు పట్టుకెళతారు. డిస్కులో ఏముందో మాత్రం తెరిచి చూడను. ఎవరి పెళ్ళి ఫొటోలో, ఎవరి ఆఫీసు గొడవలో, నాకెందుకు? మార్కరుతో నంబరు వేస్తాను, పరీక్షిస్తాను, తుడుస్తాను. అక్కడితో నా పని అయిపోతుంది.

పరీక్షించడంలో నాకొక అలవాటుంది. అది మా నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఆయన లారీ మెకానిక్. ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని వింటాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదో అలా విని చెప్పేస్తాడు. నేను డిస్కుల్ని అలాగే వింటాను. లోపలి పళ్ళెం తిరిగే తీరులో తేడా ఉంటే కంప్యూటర్ కంటే ముందు నాకు తెలిసిపోతుంది. పక్క షాపుల వాళ్ళు నన్ను డాక్టరు గారూ అని పిలుస్తారు. వాళ్ళ ఎగతాళి వాళ్ళది.

రంజాన్ నెలలో గురజాల నుంచి ఒక లాట్ వచ్చింది. మూతపడిన ఏదో కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్‌ది. అందులో పదిహేడో నంబరు డిస్కును ఒకరోజు పొద్దున పదకొండింటికి తగిలించి, స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను. తిరిగే శబ్దం బాగానే ఉంది. కానీ దాని కింద ఇంకో శబ్దం ఉంది. మూడు దెబ్బలు, చిన్న ఖాళీ, మళ్ళీ మూడు దెబ్బలు.

పాడైన డిస్కు టక్ టక్‌మని కొట్టుకోవడం మామూలే. పక్కన పడేద్దామని వైర్లు పీకేశాను. వైరు పీకాక పళ్ళెం ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఎందుకో మళ్ళీ స్క్రూడ్రైవర్ ఆనించాను. పళ్ళెం ఆగిపోయింది. దెబ్బలు ఆగలేదు.

మొదట నా చెవిలో రక్తం కొట్టుకుంటోందేమో అనుకున్నాను. గట్టిగా నొక్కి పెడితే ఎవరికైనా అలా వినిపిస్తుంది. రెండో చేత్తో నా మెడ దగ్గర నాడి పట్టుకుని చూశాను. అది ఖాళీ లేకుండా వరసగా కొట్టుకుంటోంది, రెండింటికీ పొంతన లేదు. బల్లకు స్క్రూడ్రైవర్ పెట్టాను, పదహారో డిస్కుకు పెట్టాను, పద్దెనిమిదో దానికి పెట్టాను. ఏమీ లేదు. పదిహేడుకి పెడితే మళ్ళీ మూడు దెబ్బలు, ఖాళీ. నాకు భయమేసింది. నిజం ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ మధ్యాహ్నమే డిస్కును సంచిలో వేసుకుని నాన్న షెడ్డుకు వెళ్ళాను. ఆయన ఉపవాసంలో ఉన్నాడు. ఒక పాత టైరు మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. ఆ నెలంతా అలాగే కూలబడేవాడు. ఎండలకు, ఉపవాసాలకు అలసిపోతున్నాడని ఇంట్లో అందరం అనుకున్నాం. ఏమీ చెప్పకుండా డిస్కు చేతికిచ్చి వినమన్నాను.

చానాసేపు విన్నాడు.

“మిస్ కొడతంది గదరా మస్తానూ. మూడు కొడతంది, నాలుగోది ఎగ్గొడతంది. ఈ బండిని రోడ్డెక్కిచ్చమాక. యాడో ఒక చోట ఆగిపోద్ది.”

“దీనికి కరెంటు లేదు నాన్నా.”

“లేకపోతే ఏంది? ఇనపడతంది గదా.”

ఆయనకు అందులో వింతేమీ కనిపించలేదు. యంత్రం అన్నాక చప్పుడు చేస్తుంది, అంతే ఆయన లెక్క. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. నాతో పాటు ఇంకొకరు కూడా విన్నారు కాబట్టి, నాకు మతి పోయిందని సరిపెట్టుకునే దారి కూడా లేకుండా పోయింది.

ఆ డిస్కును ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టి పై అరలో దాచాను. రోజూ షట్టర్ ఎత్తగానే ముందు దాన్ని వినడం నాకు జబ్బులా పట్టుకుంది. వారం పాటు మూడు, ఖాళీ. పండగ ముందు రోజు పొద్దున మార్పు వచ్చింది. రెండు, ఖాళీ. రెండు, ఖాళీ. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా మళ్ళీ కొడుతుందో లేదోనని నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఎవరి కోసం బిగబడుతున్నానో నాకు తెలియదు.

పండగ రోజు ఈద్గాలో నమాజ్ అయ్యాక అందరం ఒకరినొకరు కౌగిలించుకున్నాం. మా వైపు మూడుసార్లు భుజం మార్చి కౌగిలించుకుంటాం. నాన్న ఆజానుబాహువు, నేను పొట్టి. ఏటా నా చెవి ఆయన ఛాతీకే ఆనుతుంది. మొదటి కౌగిలిలో నాకేదో తగిలింది. చెవితో విన్నానో, చెంప ఎముకతో విన్నానో చెప్పలేను. రెండోసారి భుజం మార్చేటప్పుడు చెవి గట్టిగా ఆనించాను. మూడోసారి వదలకుండా పట్టుకున్నాను.

రెండు, ఖాళీ. రెండు, ఖాళీ.

“ఏందిరా, వదులు. వెనక జనం ఉన్నారు,” అన్నాడు నాన్న.

ఆసుపత్రికి రమ్మంటే ఆయన రాడని నాకు తెలుసు. ఊళ్ళో ఇంజన్లన్నీ వినే మనిషికి తన సంగతి చెబితే కోపం వస్తుంది. అందుకని నాకే గుండెల్లో నొప్పిగా ఉందని అబద్ధం ఆడాను. నాన్న పండగ బట్టలతోనే నన్ను ఆటో ఎక్కించి, నా చెయ్యి వదలకుండా తీసుకెళ్ళాడు. దారంతా నా వీపు నిమురుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో నాకు ఈసీజీ తీశారు. ఎలాగూ వచ్చాం కదా, నాన్నకూ తీయండి అన్నాను. ఆయన విసుక్కుంటూనే పడుకున్నాడు.

డాక్టరు ఆయన కాగితం చూసి, నా వైపు చూశాడు.

“నొప్పి ఎవరికన్నారు?”

ఆ గుండె రెండుసార్లు కొట్టుకుని మూడోది మానేస్తోందని, వెంటనే గుంటూరు తీసుకెళ్ళమని చెప్పాడు. మర్నాడు అక్కడ నాన్న గుండెకు బ్యాటరీ, అదే పేస్‌మేకర్, వేశారు. ఇంకో పూట ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. మా అమ్మ నా అబద్ధాన్ని అల్లా పలికించాడంది. అది విని నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

పది రోజుల తర్వాత షాపు తెరిచి డబ్బా దించాను. స్క్రూడ్రైవర్ పెట్టాను. ఏమీ లేదు. ఇనప ముక్క ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అంత నిశ్శబ్దంగా ఉంది.

నా బుర్రకు తోచిన కారణాలన్నీ వెతికాను. షెడ్డులో నాన్న విన్నది తన చెవిలో తన నాడే అయ్యుండొచ్చు. అది ఒప్పుకుంటాను. కానీ దానికి ముందు షాపులో నేను ఒక్కణ్ణే విన్నాను కదా. అప్పుడు నాన్న కిలోమీటరు అవతల లారీ కింద ఉన్నాడు. పోనీ నేను భ్రమపడ్డాననుకుంటే, మూడు కాస్తా రెండుగా ఎందుకు మారింది? ఇక్కడికి వచ్చేసరికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ లాట్‌లో మిగతావన్నీ తుడిచి అమ్మేశాను. పదిహేడును తెరిచి చూడలేదు, తుడవనూ లేదు. తుడవడమంటే ఒక్క బటన్ నొక్కడమే. మూడుసార్లు మౌస్ దాకా చెయ్యి వెళ్ళింది. దెయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. కానీ ఆ బటన్ నొక్కమంటే నా వల్ల కాదు.

మొన్న నాన్న అడిగాడు.

“ఆ మిస్ కొట్టే డబ్బా ఏం జేశావురా?”

“ఉంది నాన్నా.”

“అట్టాంటిది దాచుకుంటారా ఎవరన్నా? పారెయ్.”

సరేనన్నాను. ఇంకా పై అరలోనే ఉంది. రోజూ పొద్దున వింటూనే ఉన్నాను. ఏమీ వినపడకపోతే ఊరటపడాలో, భయపడాలో అర్థం కాదు.

ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర నాన్నను కౌగిలించుకుంటున్నాను. పండగా పబ్బమా, ఇదేం అలవాటురా అని మొదట్లో కసిరేవాడు. ఇప్పుడు తనే ఆగి, చేతులు చాపి నిలబడుతున్నాడు. కొడుక్కి తన మీద ప్రేమ ఎక్కువైందని షెడ్డులో అందరికీ చెప్పుకుంటున్నాడట. నేను ఆయన ఛాతీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటున్నాను.