పక్క వాటాలో పాకిన పిల్ల

మా కింది ఫ్లాటులో ఈ మధ్యే పురుడు వచ్చింది. రోజూ పొద్దున్నే పసిబిడ్డకు నీళ్ళు పోస్తారు. ముందు గిన్నెల చప్పుడు, తర్వాత బిడ్డ ఏడుపు, ఆ తర్వాత సాంబ్రాణి వాసన మెట్ల మీదుగా మా గుమ్మం దాకా వస్తుంది. ఈ వయసులో ఆ వాసనకు మనసు మెత్తబడాలి. నాకు మాత్రం ముందుగా గుండెల్లో సన్నగా మండుతుంది. అది అసూయ. దాన్ని ఆ పేరుతోనే పిలవడం నాకు అలవాటు చేసిన మనిషి ఎస్తేరు టీచరు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పేపర్లో ఫోటో పడేంత పేరున్న మనిషి కాదు. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలూ, ఇరుగుపొరుగు వాళ్ళం కొందరం తప్ప ఆవిడను ఎరిగినవాళ్ళు లేరు. అందుకే రాయాలనిపించింది.

విశాఖలో స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. మా ఆయనకు అందులో ఫిట్టరు పని దొరికింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి, కూర్మన్నపాలెం జంక్షను వెనక ఒక పెంకుటింట్లో వాటా అద్దెకు తీసుకున్నాం. మా ఆయన నాకు మేనత్త కొడుకు. మా అత్తయ్యే నాకు అత్తగారు. మా ఇళ్ళల్లో అదే రివాజు. పక్క వాటాలో ఎస్తేరు టీచరు ఉండేది. విశాఖ పాత ఊళ్ళో పుట్టి పెరిగిన క్రైస్తవుల ఇంటి పిల్ల. దగ్గర్లోని హైస్కూల్లో సైన్సు చెప్పేది. భర్త ఓడరేవులో క్రేను నడిపేవాడు. మనిషి పొడుగు, మాట వేగం. మొదట్లో ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది. ఇద్దరికీ ఒకే నెలలో ఆడపిల్లలు పుట్టారు. మాది పద్మ, వాళ్ళది సుధ.

మొదటి కొన్ని నెలలూ గెలుపు నాదే. ఆ మాట ఇలాగే చెప్పాలి, ఎందుకంటే నేను అప్పుడు అలాగే అనుకున్నాను. పద్మ తెల్లగా, నున్నగా, పొడుగాటి కనురెప్పలతో బొమ్మలా ఉండేది. వీధిలో ఆడవాళ్ళు మా గుమ్మంలోకి వచ్చి మరీ ఎత్తుకునేవారు. సుధ నల్లగా, బక్కగా ఉండేది, ఎప్పుడూ ఏడుస్తుండేది. పెరట్లో ఇద్దరికీ పక్కపక్కనే నీళ్ళు పోసేటప్పుడు నా చూపు ఒకసారి సుధ మీదకూ ఒకసారి పద్మ మీదకూ పోయేది. లోపల హాయిగా ఉండేది. పద్మ నవ్వింది, బోర్లా పడింది. ఒకటే చిన్న సంగతి, చప్పుడైతే ఉలిక్కిపడేది. జంక్షన్లో లారీ హారను కొట్టినా, గ్లాసు కింద పడినా చేతులూ కాళ్ళూ ఒక్కసారిగా చాచి బిగుసుకునేది. సున్నితమైన పిల్ల అని అదీ ముద్దుగానే చెప్పుకున్నాం.

తర్వాత సుధ కూర్చుంది. పద్మ కూర్చోలేదు. సుధ పాకింది. పద్మ అంతకుముందు వచ్చిన బోర్లా పడడం కూడా మరిచిపోయింది. మెడ వాలిపోతుండేది. గిలక్కాయ ఆడిస్తే దాని చూపు గిలక్కాయ మీద ఆగేది కాదు. పిల్ల కోసం వచ్చి కొన్నాళ్ళు మా దగ్గరున్న అత్తయ్య దిష్టి అంది. రోజూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. పక్కింటి కళ్ళు మంచివి కావేమో అని ఒకటి రెండుసార్లు గొణిగింది. ఎవరి కళ్ళు ఎవరి పిల్ల మీద మండుతున్నాయో నాకు తెలుసు. సుధ కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడి, తను చేసిన పనికి తనే నవ్విన రోజున నేను పద్మను తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకున్నాను. ఆ తర్వాత ఆ తలుపు తీయడం తగ్గిపోయింది.

ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, ఆవిడే తలుపు తట్టింది. చంకలో సుధ ఉంది.

"ఏటి సుభద్రా, ఈమద్దిన తలుపేసుకుని కూకుంటన్నావు. నా పిల్ల గోల సేత్తందా?"

ఏదో ఒకటి చెప్పి పంపించేయాలనుకున్నాను. కానీ నోటికి నిజమే వచ్చింది. "సుధను నా కంట పడనివ్వకండి టీచరు గారూ. అది నిలబడితే నాకు ఒళ్ళు మండిపోతోంది. నా దిష్టి తగిలి దానికేమైనా అయితే నేను బతకలేను."

ఆవిడ లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. "పద్మ పుట్టిన కొత్తలో జనం మీ గుమ్మంలోకొచ్చి ముద్దు సేత్తంటే నాకూ అలాగే ఉండీది. నా పిల్లని ఎవులూ ఎత్తుకునీవోరు కాదు కదా. లోపల కుళ్ళిపోయేదాన్ని. దానివల్ల పద్మకి ఏటీ అవలేదు. నీ వల్ల సుధకీ ఏటీ అవదు. సూడు దీన్ని, బాగా సూడు."

అని సుధను నా ఒళ్ళో కూర్చోబెట్టింది. ఆ పిల్ల బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. తనంతట తను నిలబెట్టుకునే నడుము, మెడ. పద్మను ఎత్తుకుంటే మొత్తం బరువు నా చేతుల మీద పడేది. సుధ బరువు సుధ దగ్గరే ఉంది. నాకు ఏడుపు వచ్చింది. టీచరు ఓదార్చలేదు. పద్మను తన భుజం మీద వేసుకుని, మెడ వెనక చెయ్యి పెట్టి చూసి, ఇది దిష్టి కాదు, డాక్టరుకు చూపించాల్సిందే, రేపు సెలవు పెడతాను అంది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు పద్మను చూసి కంటి డాక్టరును పిలిపించారు. ఆయన చిన్న లైటు వేసి లోపలికి చూసి, ఎర్రటి చుక్క ఉందని మెల్లగా చెప్పారు. రక్తం వేరే ఊరికి పంపారు. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన రోజున మా ఆయనకు సెలవు దొరకలేదు, నేనూ టీచరూ వెళ్ళాం. డాక్టరు మంచివారే, కానీ మాటల్లో సగం ఇంగ్లీషు. నాకు అర్థమైందల్లా, మా ఆయనలోనూ నాలోనూ ఒక లోపం దాగి ఉందనీ, రెండువైపుల నుంచీ అది పద్మకు వచ్చిందనీ, ఇకముందు పుట్టబోయే ఏ బిడ్డకైనా నాలుగింట ఒక వంతు భయం ఉంటుందనీ. నేను అడగలేని ప్రశ్న టీచరు అడిగింది, ఎన్నాళ్ళు బతుకుతుందని. మూడేళ్ళు, నాలుగేళ్ళు అన్నారాయన. మందు ఉందా అని కూడా ఆవిడే అడిగింది. లేదన్నారు.

అక్కడి నుంచి టీచరు నన్ను పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న వాళ్ళమ్మగారింటికి తీసుకెళ్ళింది. పద్మ నా ఒళ్ళో నిద్రపోయింది. వాళ్ళమ్మ కనకాంబరాలు మాల కడుతోంది. టీచరు ఆ మాల చివర పట్టుకుని, స్కూల్లో చెప్పినట్టే మొదలుపెట్టింది.

"మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక పొర ఉంటాది. అది కొవ్వుతో కట్టింది. ఒకసారి కట్టేసి ఊరుకోడం కాదు. కొత్త కొవ్వు తయారు సేసుకుంటా, పాతది లోపలికి లాక్కుని విడగొట్టుకుంటా ఉంటాది, బతికున్నంతకాలం. మెదడు కణాల్లో ఒక రకం కొవ్వు ఎక్కువ. దాని సివర ఒక ముడి లాంటిది ఉంటాది. ముందు ఆ ముడి ఊడితేగాని మిగతాది ఊడదు. అది విప్పే ఎంజైము పద్మకి పుట్టుకతోనే లేదు. అందుకని ఆ కొవ్వు పోవట్లేదు, కణాల్లోనే పేరుకుపోతంది."

నాకు ఒక్క ఆశ తోచింది. నేను నెయ్యీ నూనే మానేస్తే, పాలు పలచన చేసి పడితే తగ్గుతుందేమో అని అడిగాను.

"తినే కొవ్వు కాదమ్మా. దాని ఒళ్ళు తనంతట తను తయారు సేసుకునేది. తయారీ బాగానే ఉంది. విడగొట్టడమే లేదు. నువ్వు పెట్టినదాన్లో తప్పు లేదు, పెట్టకపోయినా మారదు."

తిరుగు బస్సులో నేను ఆ మాటలే తలచుకుంటూ కూర్చున్నాను. ఇంటికి వచ్చేసరికి సుధ తనను చూసుకునే ఆయా చెయ్యి విడిపించుకుని, పడుతూ లేస్తూ వాళ్ళమ్మకు ఎదురొచ్చింది. ఆ పిల్ల ఒంట్లో ప్రతి చోటా ఆ ముడి ఊడిపోతూనే ఉంది. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా. అంతకుముందు నేను దాని నడకను చూసి కుళ్ళుకున్నాను. ఆ రోజు నుంచి కంటికి కనిపించనిదాన్ని చూసి కుళ్ళుకోవడం మొదలైంది.

పద్మ ఇంకా రెండేళ్ళ పైన బతికింది. చూపు పోయింది. చప్పుళ్ళకు బిగుసుకోవడం మాత్రం ఎక్కువైంది. టీచరు మా రెండు వాటాల తలుపులకూ పాతగుడ్డలు మడిచి కుట్టింది, చప్పుడు కాకుండా. ప్రెషరు కుక్కరు పెట్టడం మానేసింది. సుధకు మాటలు వస్తున్న రోజులు. మా గుమ్మంలోకి రాగానే గొంతు తగ్గించాలని నేర్పింది. ఆ పిల్ల మునివేళ్ళ మీద నడిచి వచ్చి, పద్మ చెవి దగ్గర గుసగుసగా ఏవో కబుర్లు చెప్పేది. ఎంత మంచి పిల్లో అని అందరూ అనేవారు. నేనూ అనేదాన్ని. ఆ గుసగుసలో ఒక్క మాట, 'అమ్మా' అని, పద్మ నోట వినాలని ఉండేది. వినలేనప్పుడల్లా నాకు సుధ గొంతు మీద కోపం వచ్చేది. టీచరు నా మొహం చూసి గ్రహించేది. అయినా మర్నాడు మళ్ళీ పిల్లను తీసుకుని వచ్చేది.

ఆ రోజుల్లోనే మా చెల్లెలు రాజ్యానికి సంబంధం ఖాయం చేస్తున్నట్టు ఊరి నుంచి కబురొచ్చింది. పెళ్ళికొడుకు మా మరిది. అంటే మా మేనత్తకు రెండో కొడుకు. వాళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకరంటే ఒకరు ఇష్టపడినవాళ్ళు. మా ఇంట్లో అందరికీ సంబరమే. డాక్టరు చెప్పిన సంగతి మా వాళ్ళలో నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. పద్మది నరాల నీరసం అని చెప్పి ఊరుకున్నాం. ఆ కబురు విన్నాక నా మనసులో ఏం కదిలిందో అది భర్తకు కూడా చెప్పుకోలేక, టీచరుకు చెప్పాను. "రాజ్యానికీ ఇలాంటి పిల్ల పుడితే నేను ఒంటరిదాన్ని కానుగదా అనిపించింది టీచరు గారూ."

ఆవిడ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగలేదు. "అనిపించిందా. సరే. ఇప్పుడు ఏటి సేస్తావు?"

అంతే అంది. ఛీ అనలేదు, దేవుణ్ణి క్షమాపణ అడగమనలేదు. నా లోపల పుట్టిన మాటకూ నేను చేయబోయే పనికీ మధ్య కొంత చోటు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

దువ్వాడలో రైలెక్కాను. పద్మను టీచరు దగ్గర వదిలి వెళ్ళడం అదే మొదటిసారి, అదే చివరిసారి. ఊళ్ళో అందరి ముందూ చెప్పాను. ఈ లోపం మా ఆయనలోనూ నాలోనూ ఉంది, మరిదిలోనూ రాజ్యంలోనూ ఉందో లేదో తెలియదు, ఉంటే వాళ్ళ బిడ్డకూ ఇదే రావచ్చు అన్నాను. నాన్న నా మొహం చూడలేదు. అత్తయ్య, నా కొడుకుల ఇద్దరి కాపురాలూ దీని కళ్ళలోనే పడ్డాయంది. ఇంట్లో అందరూ నన్ను ఓర్వలేనిదన్నారు. నిజానికి ఓర్వలేనిదాన్నే. కానీ ఆ ఓర్వలేనితనం చెప్పమన్న పని నేను చేయలేదు. దాని సలహా వినుంటే నోరు మూసుకుని పెళ్ళికి అక్షింతలు వేసేదాన్ని. సంబంధం తప్పిపోయింది. రాజ్యం చాలా ఏళ్ళు నాతో మాట్లాడలేదు.

పద్మ ఒక వానాకాలం ఉదయం, నా ఒళ్ళోనే పోయింది. మా ఆయనా నేనూ మళ్ళీ పిల్లలు వద్దనుకున్నాం. నాలుగింట మూడు వంతులు మంచి జరగవచ్చని తెలుసు. ఆ మిగిలిన ఒక్క వంతునూ మేము చూసి ఉన్నాం. పద్మ పోయిన ఏడాది టీచరు నన్ను పట్టుబట్టి ప్రైవేటుగా మెట్రిక్ కట్టించింది. సుధకు అక్షరాలు దిద్దించే పని కూడా నాకే అప్పగించింది. ఆ పిల్ల 'అ' రాసిన రోజున నేను పలకను కాసేపు చేతిలోనే ఉంచుకున్నాను. టీచరు గదిలోకి రాబోయి, చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

రాజ్యానికి తర్వాత బయటి సంబంధం చేశారు. అతను విశాఖ ఓడరేవులోనే గుమాస్తా. అంటే చెల్లెలి కాపురం కూడా నా కళ్ళ ముందుకే వచ్చింది. ఇద్దరు పిల్లలు, చక్కగా పెరిగారు. పెద్దవాడు పుట్టాక రాజ్యం ఒకరోజు తనే మా ఇంటికి వచ్చి, పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టి, పక్కన కూర్చుంది. వాడు తల నిలబెట్టి నన్ను చూశాడు. నేను చెప్పకపోతే వీడు లేడు అనుకున్నాను. వెంటనే, నాకు మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు అనుకున్నాను. ఆ రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి.

ఎస్తేరు టీచరు చివరి రోజుల్లో మంచాన పడినప్పుడు వెళ్ళి కూర్చునేదాన్ని. ఆవిడకు మాట తగ్గినా కళ్ళలో ఆ వేగం తగ్గలేదు. సుధ ఇప్పుడు దువ్వాడ దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆ మధ్య చత్వారం వచ్చి కళ్ళజోడు పెట్టుకుంది. పద్మకు కూడా ఈపాటికి కళ్ళజోడు వచ్చేది కదా అని, ఆ కళ్ళజోడును చూసి కూడా కుళ్ళుకున్నాను. సుధతో ఆ మాట అంటే నవ్వి, నా చెయ్యి పట్టుకుంది.

రాజ్యం పెద్దకొడుకు ప్రతి ఆదివారం నాకు ఫోను చేస్తాడు. "పెద్దమ్మా" అంటాడు. ఆ పిలుపు చెవిన పడగానే ముందు వచ్చేది అసూయే. ప్రేమ దాని వెనక వస్తుంది. ఇన్నేళ్ళలో ఆ వరుస ఒక్కసారీ మారలేదు. మారాలని నేను ఇప్పుడు కోరుకోవడం లేదు. మొదటిది వచ్చి వెళ్ళేదాకా ఫోను పట్టుకుని ఊరికే ఆగుతాను. తర్వాత, "చెప్పు నాన్నా" అంటాను.