కుర్చీలు నింపిన రోజు

2008 జూన్‌లో నన్ను కొత్తగూడెం శాఖకు టెస్ట్ లీడ్‌గా వేశారు. మా స్టూడియో హైదరాబాద్‌ది. విదేశీ కంపెనీల వీడియో గేముల్లో తప్పులు పట్టి పంపడం ఈ శాఖ పని. టెస్టర్ అంటే ఆటగాడు కాదు. తెరమీది మనిషిని ప్రతి గోడకూ గుద్దించి, ఎక్కడ గోడలోకి దూరిపోయాడో, ఏమేం నొక్కితే దూరాడో వరుసగా రాయాలి. టెస్టర్, సీనియర్ టెస్టర్, ఆ పైన లీడ్. నేను పదో తరగతి తప్పి, గేము పెట్టెలు బాగుచేస్తూ మాన్యువళ్ళు చదివి అక్కడిదాకా వచ్చినవాణ్ణి. ఆ సంగతి హైదరాబాద్ వాళ్ళు నాకు తరచూ గుర్తుచేసేవారు.

ఆ ఏడు స్టూడియో పెరుగుతోందని అందరికీ చెప్పారు. పెరిగినందుకు రుజువుగా పెద్ద హాలు కిరాయికి తీసుకుని కుర్చీలు వేయించారు. మనుషుల్ని మాత్రం తీసుకోలేదు. సగం హాలు ఖాళీ. ఇంతలో మాకు పని ఇచ్చే కంపెనీ ప్రతినిధి చూడడానికి వస్తున్నాడని కబురు. హైదరాబాద్‌లోని ప్రొడక్షన్ మేనేజర్, అంటే గడువులూ ఖర్చులూ చూసే అధికారి, ఒక్క కుర్చీ కూడా ఖాళీగా కనిపించకూడదన్నాడు. మనుషులు లేరన్నాను. "ఊళ్ళో లేరా?" అన్నాడు.

సీనియర్ టెస్టర్ సువార్త ములకలపల్లి పాస్టర్ గారి కూతురు. ఆమె జీతం మీదే ఇల్లు నడిచేది. తరువాతి లీడ్‌గా ఆమెనే సిఫారసు చేసి ఉన్నాను. తమ చర్చిలో పాడేవాళ్ళందరినీ ఆమె జీపుల్లో తోలుకొచ్చింది. హెడ్‌ఫోన్లు తగిలించి కూర్చోబెట్టాం. వాళ్ళ పెదనాన్న, తెరమీది మనిషిని నడిపే కంట్రోలర్ తిరగేసి పట్టుకున్నాడు.

"బిడ్డా, గీ పోరడు గోడకే పోతున్నడేంది?"

"పోనీ పెద్నాయినా. గదే మా కొలువు."

ప్రతినిధి హాలంతా ఒక చుట్టు తిరిగి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు. కొన్నాళ్ళకు ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈ పనికి ఇంతమంది అక్కరలేదు, సిబ్బందిని సగానికి తగ్గిస్తేనే కాంట్రాక్టు సాగుతుంది.

నాకు దిగులేమీ కలగలేదు. తగ్గించాల్సిన సగం అప్పటికే జీపెక్కి వెళ్ళిపోయింది. మేనేజర్‌కు అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. జీతాల ఖర్చు సగమైనట్టు ఆ కంపెనీకి లెక్క చూపాలట. జీతమే లేని మనిషిని తీసేస్తే ఏం తగ్గుతుంది? నిజం చెబితే కాంట్రాక్టే పోతుంది. కనుక ఉన్నవాళ్ళలోనే కోత పెట్టారు. పెద్ద జీతాలు పోతే లెక్క జల్దీ తీరుతుందని పైనుంచి మొదలుపెట్టారు. నోటీసులు పంచడానికి ఒకరు కావాలి గనుక నన్ను ఉంచారు. ఇన్నేళ్ళయినా ఆ తర్కం నాకు మింగుడుపడలేదు.

సువార్త తన నోటీసు రెండుసార్లు చదివింది. "నేను తోలుకొచ్చినోళ్ళు ఎక్కువైండ్రని నన్ను తీసేసిండ్రా సార్? గిదేం లెక్క?"

"హైదరాబాద్ లెక్క" అన్నాను.

"అవ్, మా పెద్నాయిన అడుగుతుండు, మళ్ళెప్పుడు రావాలె అని. ఏం చెప్పాలె?"

మిగిలినవాళ్ళతో గేము గడువుకు పూర్తికాలేదు. కాంట్రాక్టు పోయింది. ఏడాది తిరగకుండా శాఖ మూశారు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. సంస్థ పెరిగిందని ఎవరైనా అంటే, ఎంతమందికి జీతం ఇస్తున్నారని అడగండి. తరువాత పనిచేసిన రెండు చోట్లా నేను అడిగాను. ఒకచోట చెప్పారు.