లేని పెండ్లాం, లేని ఇద్దరు పిల్లలు

హిందూపురంలో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉంది. డిగ్రీ నేను తెలుగు మీడియంలో ఎట్లో గట్టెక్కినాను. ఫ్యాన్లూ వైర్లూ అమ్మడానికి నాకొచ్చిన ఇంగ్లీషు సరిపోయేది. కానీ ధర్మవరంలో చూడబోయే అమ్మాయి స్కూల్లో ఇంగ్లీషు టీచరని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

ఫోన్లో ఇంగ్లీషు నేర్పే యాప్ ఒకటి వేసుకున్నాను. కొన్ని పాఠాలు దాటగానే 'ఇఫ్' ఎదురైంది. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి చెప్పాలంటే పాస్ట్ టెన్స్ వాడాలంట. ఎందుకో బుర్రకెక్కలేదు. మీ జీవితంలో నుంచే వాక్యాలు తయారు చేసుకుని గట్టిగా పలకండి అని మాత్రం యాప్ చెప్పింది. పెండ్లిచూపుల్లో పనికొస్తాయని కొన్ని తయారు చేసుకున్నాను.

ఆ రోజు అమ్మ, నాయన, నేను పొద్దున రైలెక్కినాము. కిటికీ పక్కన కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వల్లె వేయడం మొదలుపెట్టినాను. చెవులు మూసుకున్నవానికి తన గొంతు ఎంత పెద్దగా లేస్తాందో తెలీదు.

పెనుకొండలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. నా వైపు ఆసక్తిగా చూస్తాంటే, నా ఇంగ్లీషు బాగుందేమో అనుకుని ఇంకొంచెం గొంతు పెంచినాను.

"ఇఫ్ ఐ హ్యాడ్ ఎ వైఫ్, ఐ వుడ్ మేక్ కాఫీ ఫర్ హర్. ఇఫ్ మై వైఫ్ వెంట్ టు హర్ మదర్స్ హౌస్, ఐ వుడ్ క్రై. ఇఫ్ ఐ హ్యాడ్ టూ చిల్డ్రన్, ఐ వుడ్ టేక్ దెమ్ టు స్కూల్."

ఆయన మా అమ్మను అడిగినాడంట. "యాడికి పోతాండారమ్మా?"

"ధర్మవరానికి నాయనా, పిల్లను చూసేకి. ఈడుండాడే, మా పిల్లోనికే," అని అమ్మ గర్వంగా నన్ను చూపించిందంట.

ఆయన ముఖం మాడిపోయింది. ధర్మవరం రాగానే రైలు పూర్తిగా ఆగకముందే దిగి, ఆటో ఎక్కి మాయమైపోయినాడు.

మేము అమ్మాయి ఇంటికి చేరేసరికి అదే మనిషి నడవలో కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అమ్మాయి మేనమామంట! వంటింట్లో నుంచి ఉగ్గాణీ బజ్జీల వాసన కమ్మగా వస్తాంది కానీ, మా ముందరికి నీళ్ల చెంబు తప్ప ఏమీ రాలేదు.

చివరికి మేనమామే అడిగినాడు. "ఏమప్పా, మొదటామె ఇప్పుడు యాడుండాది?"

"మొదటామె ఎవురు?" అన్నాడు నాయన.

"నాటకాలొద్దు. నేనూ ఇంటర్ దాకా చదివినోన్నే. పెండ్లాం ఉండె, పుట్టింటికి పాయె, ఇద్దురు పిల్లోళ్లు గూడా ఉండ్రి. రైల్లో నీ కొడుకే గొంతెత్తి చెప్తా వచ్చినాడు!"

కాదని చెప్పబోతే నాకు తెలుగు కూడా రాలేదు. నాయన తల పట్టుకున్నాడు. అమ్మ నా వైపు తిరిగి, కండ్లనిండా నీళ్లు పెట్టుకుని, "నాకు చెప్పకుండా ఎంత పని చేస్తివిరా!" అంది. వెంటనే గొంతు తగ్గించి, "మగపిల్లోళ్లా, ఆడపిల్లోళ్లా?" అని అడిగింది.

అప్పుడు వంటింటి గుమ్మంలోకి అమ్మాయి వచ్చింది. తలొంచుకోలేదు, తట్ట పట్టుకు రాలేదు. నేరుగా మేనమామనే అడిగింది.

"మామా, ఈయప్ప ఏమన్నాడో అన్నట్లే చెప్పు."

"ఇఫ్ ఐ హ్యాడ్ ఎ వైఫ్ అన్నాడు. హ్యాడ్ అంటే ఉండె అనే గదా?"

"ముందర ఇఫ్ ఉండాది గదా మామా."

"ఇఫ్‌ను ఎవురు లెక్కపెడతారు? హ్యాడ్ వచ్చినాక కత అయిపోయినట్లే!"

అమ్మాయికి నవ్వొచ్చింది, కానీ ఆపుకుంది. "పోయినేడు వానొచ్చింటే శెనక్కాయ బాగా పండిండేది అంటాంటివి గదా. వానొచ్చెనా?"

"యాడొచ్చెనమ్మా!"

"పండెనా?"

"పశువులు మేసేకి శెనక్కట్టె మిగిల్యా, అంతే."

"మరి రాని వానను, పండని పంటను పట్టుకుని వచ్చింటే, పండిండేది అని అయిపోయినట్లు ఏమిటికంటివి? ఇంగ్లీషూ అంతే మామా. లేదని తెలిసేకి ఒక అడుగు వెనక్కేసి చెప్తారు. ఈయప్పకు పెండ్లాం ఉండింటే కాఫీ చేసిచ్చిండేవాడంట. అంటే పెండ్లామూ లేదు, కాఫీ చేసిందీ లేదు."

మేనమామ పెదవులు కదుపుతూ 'వచ్చింటే, హ్యాడ్, వచ్చింటే, హ్యాడ్' అని రెండు భాషలనూ కలిపి చూసుకున్నాడు.

నాయన అనుమానంగా, "అంటే మావానికి పెండ్లి కాలేదా?" అన్నాడు.

"కాలేదు మామా," అంది అమ్మాయి.

అని నాలుక కరుచుకుంది. మా నాయనను మామా అన్నది అందరమూ విన్నాము. వంటింట్లో ప్లేట్లు గలగలమన్నాయి. బజ్జీలొచ్చినాయి. అమ్మ ఒకటి తీసుకుంది కానీ, ఇద్దరు మనవళ్లు వచ్చినట్టే వచ్చి పోయినందుకు కాసేపు దిగులుగానే నమిలింది.

మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకొమ్మని మిద్దె మీదికి పంపినారు. నేను తయారు చేసుకొచ్చిన వాక్యాలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"కాఫీ చేసిస్తానన్నది నిజమేనా?" అని ఆమే అడిగింది.

"ఐ వుడ్," అన్నాను.

"వుడ్ అంటే ఊహలోనే చేస్తావు. విల్ చెప్పు."

"ఐ విల్," అన్నాను. అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ నేనంత తప్పులేని ఇంగ్లీషు మాట్లాడలేదు.

మూడు నెలలకు పెండ్లయింది. మేనమామ మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పాఠాన్ని తానే చెప్పినట్టు ఊర్లోవాళ్లకు చెప్తాంటాడు. నాకు మాత్రం పూర్తిగా పట్టుబడలేదు. మొన్న బెంగళూరు నుంచి ఒకాయన అంగడికొచ్చి, "ఇఫ్ ఐ టుక్ సిక్స్ ఫ్యాన్స్, వుడ్ యూ గివ్ మీ డిస్కౌంట్?" అన్నాడు.

నేను గబుక్కున అల్మారా వైపు చూసి, "నో సార్, యూ డిడ్ నాట్ టేక్, ఆల్ ఫ్యాన్స్ ఆర్ హియర్!" అన్నాను.

లోపల బల్బులు సర్దుతాండిన మా ఆమె నవ్వి నవ్వి, చేతిలోని బల్బును పక్కనపెట్టి, అట్టపెట్టె మీద కూలబడింది.