భీముడు పెట్టిన గుడ్డు

1946 వేసవిలో నన్ను చిత్తూరు జిల్లాలో, రేణిగుంట జంక్షనుకు దగ్గర్లోని ఒక చిన్న పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ ఊళ్ళో అందరికీ నేను గొడ్ల డాక్టరునే. ఎద్దుల గాలికుంటు, జట్కా గుర్రాల కుంటికాళ్ళు చూడటం నా పని. పిట్టల వైద్యం మాకు కాలేజీలో ఒకే ఒక్క పూట చెప్పారు. ఆ పూట నేను నిద్రపోయాను.

ఒకరోజు పొద్దున్నే జట్కా తోలే మునిరత్నం ఒక గంప పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. గంపలో పూరేడు పిట్ట, పేరు భీముడు. చుట్టుపక్కల పిట్టల పోట్లాటల్లో దానికి ఎదురులేదు. భార్య పోయాక ఇంట్లో మునిరత్నానికి తోడున్న ప్రాణి అదొక్కటే.

"నిన్నట్నుంచి మేత ముట్టలేదు సామీ, ఊరికే ముక్కతా ఉండాడు. వీడు పోతే నాకెవరుండారు?" అని ఏడ్చేశాడు.

పిట్ట ఈకలు ఉబ్బించుకొని, కాళ్ళు ఎడంగా పెట్టి గంప అడుగున కూలబడి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. కేసు పుస్తకంలో జాతి, లింగం, వయసు రాయాలి. పోట్లాడే పిట్ట, పైగా భీముడు. ఇంక చూసేదేముంది? 'మగ' అని రాసి, మలబద్ధకమని తేల్చి, రెండు చుక్కల ఆముదం పోసి పంపేశాను.

మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చాడు. పిట్ట తల వాల్చేసింది. అప్పుడు గానీ నాకు దాని పొట్ట కింద వేలితో మెల్లగా తడమాలని తోచలేదు. గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. మళ్ళీ తడిమాను. నవ్వు తన్నుకొచ్చింది. గుడ్డు అడ్డం పడిందంటే కాంపౌండరు కుప్పయ్య నోరు తెరిచాడు. "ఏంది సార్, భీముడికి గుడ్డు యాడిది?"

నవ్వుకుంటూ కూర్చునే సమయం కాదు. గుడ్డు బయటికి రాకపోతే పిట్ట ఎక్కువసేపు బతకదు. తొందరపడి నొక్కితే లోపలే పగులుతుంది, అప్పుడు అసలే దక్కదు. వేడినీళ్ళ గిన్నె మీద జల్లెడ పెట్టి, తడిగుడ్డ పరిచి, చెయ్యి ఓర్చుకునేంత ఆవిరి తగిలేలా పిట్టను కూర్చోబెట్టాం. గుడ్డు వచ్చే దారి దగ్గర గోరువెచ్చని నువ్వులనూనె రాశాను. పైన గంప బోర్లించి అందర్నీ నోరు మూసుకోమన్నాను. మునిరత్నం గోవిందా గోవిందా అని గొణుగుతుంటే అదీ ఆపించాను.

గంట గడిచింది. గంప కింద చిన్న కదలిక. కుప్పయ్య ఎత్తి చూసి ఎగిరి గంతేశాడు. పెద్ద రేగుపండంత, మచ్చల గుడ్డు! మునిరత్నం రోడ్డు మీదికి ఉరికి, "మా భీముడు గుడ్డు పెట్టినాడప్పో!" అని కేకలు పెట్టాడు. నేనూ కుప్పయ్యా పొట్టలు పట్టుకొని నవ్వాం. నా హోదా ఆ పూట ఎటు పోయిందో తెలియదు.

పెంపకం గురించి అడిగితే జబ్బు మూలం దొరికింది. ఎండ తగిలితే పందెం పిట్టకు పొగరు తగ్గుతుందని మునిరత్నం గంపకు గుడ్డ కప్పి చీకటి మూలన వేలాడదీసేవాడు. కొర్రలు తప్ప మరేమీ వేసేవాడు కాదు. ఎండా సరైన మేతా లేక ఒంట్లో సున్నం చాలని పిట్టకు గుడ్డును తోసే బలం ఉండదు. రోజూ పొద్దుటెండ చూపించమన్నాను. పొర్లడానికి ఇసుక, మేతలో దంచిన కోడిగుడ్డు పెంకు, అప్పుడప్పుడు ఆకుకూర, చెదలు వేయమన్నాను. ఈ రకం పూరేడులో పెద్దదీ పోట్లాడేదీ ఆడదేననీ, గుడ్లు పొదిగేది మగదనీ తర్వాత మా పై అధికారి చెప్పి, నా ముఖం మీదే నవ్వారు.

జట్కా స్టాండులో జనం గేలి చేస్తే మునిరత్నం తగ్గలేదట. "కొట్లాడేదీ అదే, గుడ్డు పెట్టేదీ అదే. మీ మొగపిట్టలు ఏం పీకతా ఉండాయప్పా?" అన్నాడట.

ఆ తర్వాత ఏ జంతువు వచ్చినా, యజమాని మాట వినేముందు దాన్ని చేత్తో తడిమి చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ పొద్దున్నే తడిమి ఉంటే ఆ పిట్టకు సగం రోజు నొప్పి తప్పేది. అంత నొప్పిలో దానికి ఆముదం తాగించింది నేనే.